రాత్రి డ్యూటీ అప్పగింత మీద థీసిస్ చేయండి

మీరు అడిగినది నాకు సరిగా అర్థమైందో లేదో చూసుకోవడానికి ముందుగా దాన్ని నా మాటల్లో తిరిగి చెబుతాను. మీరు హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో జనరల్ మెడిసిన్ డీఎన్‌బీ అనే పీజీ కోర్సులో ఈ మధ్యే చేరారు. థీసిస్ ప్రోటోకాల్, అంటే పరిశోధన ప్రణాళిక, ఇవ్వవలసిన గడువు దగ్గరపడింది. ఏదో ఒక జబ్బు మీదో రక్తపరీక్ష మీదో కాకుండా, వార్డులో రోగికి అందే సంరక్షణ మెరుగుపడటం గురించి, డ్యూటీ డాక్టర్ల పని గురించి పరిశోధన చేయాలని మీ కోరిక. తోటివారేమో "అది క్వాలిటీ డిపార్ట్‌మెంట్ పని, పరిశోధన ఎలా అవుతుంది" అంటున్నారు. అది పరిశోధన అవుతుందా, అయితే ఏ అంశం తీసుకోవాలి, నిధులు లేకుండా ఒక్కరే చేయగలరా అన్నవి మీ ప్రశ్నలు. నేను ఇరవై రెండేళ్ళుగా మెడిసిన్ వార్డుల్లోనే పనిచేస్తున్న వైద్యురాలిని. ఈ ప్రశ్న చాలా ముఖ్యమైనదని నమ్ముతున్నాను కనుక కాస్త విస్తారంగానే రాస్తున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు సులభం. అది నిస్సందేహంగా పరిశోధనే. 1996 ఆగస్టులో రాబర్ట్ వాక్టర్, లీ గోల్డ్‌మన్ అనే ఇద్దరు వైద్యులు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో రాసిన వ్యాసంలో, ఆసుపత్రిలో చేరిన రోగులను చూసుకోవడమే ప్రధాన వృత్తిగా గల వైద్యులకు "హాస్పిటలిస్టు" అని పేరు పెట్టారు. ఆ తర్వాతి ఏళ్ళలో అమెరికాలో అదొక ప్రత్యేక శాఖగా ఎదిగింది. దానితోపాటే వార్డు మీద పరిశోధన కూడా ఎదిగింది. రోగి ఎందుకు ఎక్కువ రోజులు ఉండిపోతున్నాడు, పంపిన పరీక్ష ఫలితం ఎవరి కంటా పడకుండా ఎలా పోతోంది, రాత్రి డ్యూటీలో ఉన్నవారికి ఏం తెలియడం లేదు అన్న ప్రశ్నలన్నీ అందులోకి వచ్చాయి. మన దగ్గర ఆ పేరు వాడుకలో లేకపోయినా ఆ పని చేసేవారు ప్రతి ఆసుపత్రిలోనూ ఉన్నారు. పీజీలు, రిజిస్ట్రార్లు, డ్యూటీ డాక్టర్లు చేసేది అదే. కన్సల్టెంట్ ఉదయం రౌండ్స్‌లో రాసిన నిర్ణయాన్ని మర్నాటి రౌండ్స్ దాకా మోసేది వారే. వారి పనిని పరిశీలించకుండా రోగి సంరక్షణను పరిశీలించడం కుదరదన్నది నా గట్టి అభిప్రాయం.

రెండో ప్రశ్నకు వస్తాను. మీ జాబితాలో డిశ్చార్జ్ ఆలస్యం, మందుల పొరపాట్లు, వైద్యుల అలసట అనే మూడు అంశాలున్నాయి. మీరు వాటిని పక్కన పెట్టి డ్యూటీ అప్పగింతను తీసుకోవాలని నా సలహా. మనం హ్యాండోవర్ అంటాం కానీ, దానికి అప్పగింత అన్న మన మాటే సరిపోతుందనిపిస్తుంది. పెళ్ళిలో అప్పగింతల వేళ తల్లిదండ్రులు పిల్ల చేతిని అవతలివారి చేతిలో ఊరికే పెట్టి ఊరుకోరు, అమ్మాయి తీరు ఏమిటో, ఏం జాగ్రత్తలు తీసుకోవాలో చెప్పి మరీ అప్పగిస్తారు. వార్డులో మనం రోజుకు రెండుసార్లు, ఒక్కోసారి మూడుసార్లు, పాతిక ముప్పై ప్రాణాలను ఒకరి నుంచి ఒకరికి అప్పగిస్తున్నాం. అది ఎలా జరుగుతోందో చాలా ఆసుపత్రుల్లో ఎవరూ నిలబడి చూడలేదు.

ఈ అంశం మీద నాకింత పట్టుదల ఎందుకో చెప్పాలి. నేను పీజీ రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు, ఒక ప్రభుత్వ బోధనాసుపత్రి మగవారి వార్డులో, రాత్రి ఎనిమిది గంటలకు నా స్నేహితుడికి ఇరవై ఏడు మంది రోగులను అప్పగించాను. చేతిలో ఒక చీటీ ఉంది. చుట్టూ రోగుల తాలూకు వాళ్ళున్నారు, ఒక పక్క క్యాజువాలిటీ నుంచి కొత్త కేసు ట్రాలీ మీద వస్తోంది. పద్నాలుగో పడకలో నలభై ఏళ్ళు దాటిన, మూత్రపిండాల జబ్బున్న వ్యక్తి. సాయంత్రం నుంచి ఆయనకు మూత్రం తగ్గిందని నేనే రక్తం తీసి పంపాను. అప్పగింతలో నేనన్న మాట ఇంతే: "పద్నాలుగుకి ఎలక్ట్రోలైట్స్ పంపాను, చూడు." ఎలక్ట్రోలైట్స్ అంటే రక్తంలో పొటాషియం, సోడియం వంటి లవణాల పరీక్ష. అతను సరేనన్నాడు. రాత్రి పది గంటలకు రిపోర్టు వచ్చింది. అటెండరు దాన్ని తక్కిన కాగితాలతోపాటు కేస్ షీటు వెనక గుచ్చి వెళ్ళాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు నాడి మరీ నెమ్మదిగా ఉందని సిస్టర్ గమనించి పిలిచారు. ఈసీజీలో టీ తరంగాలు గుడారాల్లా నిలబడి ఉన్నాయి. అప్పుడు వెతికితే దొరికిన రిపోర్టులో పొటాషియం 7.1 ఉంది, ప్రాణాపాయకరమైన స్థాయి అది. వెంటనే కాల్షియం గ్లూకోనేట్ ఎక్కించి, ఇన్సులిన్‌తో డెక్స్‌ట్రోజ్ పెట్టి, తెల్లవారాక డయాలిసిస్‌కు పంపారు. ఆయన బతికారు. కానీ ఆరున్నర గంటలపాటు ఆ కాగితం ఆయన కాళ్ళ దగ్గరే వేలాడుతూ ఉంది.

మేమిద్దరం బద్ధకస్తులం కాము, చదువు లేనివాళ్ళమూ కాము. "చూడు" అన్న ఒక్క మాటలో నేను మూడు విషయాలు మింగేశాను. ఆ పరీక్ష ఎందుకు పంపానో చెప్పలేదు, ఎంత వస్తే భయపడాలో చెప్పలేదు, అలా వస్తే ఏం చేయాలో చెప్పలేదు. అతనికి ఇరవై ఏడు మంది ఉన్నారు, ఇరవై ఏడు "చూడు"లు ఉన్నాయి.

ఇప్పుడు దీని మీద జరిగిన పెద్ద పరిశోధన గురించి చెబుతాను, ఎందుకంటే మీ ప్రోటోకాల్‌కు అదే వెన్నెముక అవుతుంది. అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల ఆసుపత్రుల్లో ఐ-పాస్ అనే అప్పగింత పద్ధతిని ప్రవేశపెట్టి, దానికి ముందూ తర్వాతా 10,740 అడ్మిషన్లను పరిశీలించారు. ఎమీ స్టార్మర్, క్రిస్టఫర్ లాండ్రిగన్ తదితరుల ఈ అధ్యయనం 2014 నవంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చింది. వైద్యపరమైన పొరపాట్లు ప్రతి 100 అడ్మిషన్లకు 24.5 నుంచి 18.8కి తగ్గాయి. నివారించదగిన హాని 4.7 నుంచి 3.3కి తగ్గింది, అంటే 30 శాతం తగ్గుదల. అందరూ భయపడినట్లు సమయం పెరగలేదు. ఒక్కో రోగి గురించి నోటిమాటగా చెప్పడానికి అంతకుముందు 2.4 నిమిషాలు పడితే, తర్వాత 2.5 నిమిషాలు పట్టింది. అయితే తొమ్మిదింటిలో ఆరు చోట్ల మాత్రమే పొరపాట్లు చెప్పుకోదగినంతగా తగ్గాయి, మూడు చోట్ల తగ్గలేదు. ఈ సంగతిని చాలామంది ప్రస్తావించరు. మీరు మాత్రం తప్పక ప్రస్తావించండి, ఎందుకంటే ఈ పద్ధతిని మీ వార్డులో ప్రవేశపెడితే మీ ఆసుపత్రి ఆ ఆరింటిలాగా ఉంటుందా, ఆ మూడింటిలాగా ఉంటుందా అన్నదే మీ అసలు ప్రశ్న.

ఆ పద్ధతిలో అయిదు భాగాలున్నాయి. రోగి పరిస్థితి ఎంత తీవ్రంగా ఉందో మొదటే చెప్పాలి, తర్వాత క్లుప్తంగా కేసు చెప్పాలి, తర్వాత చేయవలసిన పనులు చెప్పాలి, ఆ తర్వాత "ఇలా జరిగితే ఇలా చేయి" అన్న ముందుచూపు చెప్పాలి. చివరిది అన్నిటికంటే విలువైనది, మన వార్డుల్లో బొత్తిగా లేనిది. విన్నవాడు తాను విన్నదాన్ని తన మాటల్లో తిరిగి చెప్పాలి. తెలుగులో దీనికి చక్కటి జంట ఉంది. అప్పజెప్పడం మొదటివారి పని, ఒప్పజెప్పడం రెండోవారి పని. చిన్నప్పుడు పద్యం వచ్చిందంటే సరిపోయేది కాదు, మాస్టారి ఎదుట నిలబడి ఒప్పజెబితేనే వచ్చినట్లు లెక్క. ఆ రాత్రి నా స్నేహితుడు "పద్నాలుగుకి పొటాషియం కోసం చూస్తున్నావు, ఆరు దాటితే ఈసీజీ తీసి కాల్షియం పెట్టాలి, అంతేనా" అని ఒప్పజెప్పడానికి ప్రయత్నించి ఉంటే, ఆ సంగతులు నేను చెప్పనే లేదని ఇద్దరికీ అక్కడికక్కడే తెలిసిపోయేది. ఈ వ్యాసం మొదట్లో మీ ప్రశ్నను తిరిగి చెప్పింది కూడా ఆ అలవాటు వల్లనే.

మన వార్డుల్లో ఒప్పజెప్పడానికి ఒక అడ్డంకి ఉంది, దాన్ని మీరు ముందే ఊహించాలి. జూనియర్ అప్పగిస్తే సీనియర్ తిరిగి చెప్పడం నామోషీగా అనిపిస్తుంది. సీనియర్ అప్పగిస్తే జూనియర్ తిరిగి అడగడానికి జంకుతాడు, "సరే సార్" అనేస్తాడు. అందుచేత మీ శిక్షణలో మొదట ఒప్పజెప్పవలసింది విభాగంలో అందరికంటే సీనియర్ అయిన రిజిస్ట్రార్. ఆయన చేస్తే తక్కినవారికి సిగ్గు పోతుంది.

ఇక వైద్యుల అలసట అన్న మీ అంశాన్ని నేను ఎందుకు విడిగా తీసుకోవద్దంటున్నానో వివరిస్తాను. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో, బోస్టన్‌లోని బ్రిగమ్ అండ్ విమెన్స్ ఆసుపత్రి ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో లాండ్రిగన్ బృందం ఇంటర్న్‌ల (అక్కడ శిక్షణలో మొదటి ఏడాది వైద్యుల) పని గంటలు తగ్గించి చూసింది. పాత పద్ధతిలో సుదీర్ఘమైన షిఫ్టులు చేసినప్పుడు తీవ్రమైన పొరపాట్లు 36 శాతం ఎక్కువగా జరిగాయని తేలింది. గంటలు తగ్గిస్తే చాలు, రోగులు క్షేమం అని చాలామంది అనుకున్నారు. 2020లో వెలువడిన అధ్యయనంలో లాండ్రిగన్ తదితరులు ఆరు ఆసుపత్రుల పిల్లల ఇంటెన్సివ్ కేర్ యూనిట్లలో మళ్ళీ పరిశీలించారు. ఈసారి ఫలితం తలకిందులైంది. సుదీర్ఘ షిఫ్టులు తీసేసిన కాలంలోనే తీవ్రమైన పొరపాట్లు ఎక్కువయ్యాయి. ప్రతి 1,000 రోగిదినాలకు (ఒక రోగి ఒక రోజు ఉంటే ఒక రోగిదినం) 79.0 ఉన్నవి 97.1 అయ్యాయి. ఎందుకని వెతికితే, షిఫ్టులు కుదించినప్పుడు ఒక్కో రెసిడెంటు, అంటే శిక్షణలో ఉన్న వైద్యుడు, చూసుకోవలసిన రోగుల సగటు 6.7 నుంచి 8.8కి పెరిగింది. ఆ భారాన్ని లెక్కలోకి తీసుకున్న తర్వాత, పొరపాట్లు పెరగడానికి షిఫ్టుల మార్పుతో సంబంధం కనబడలేదు.

నా దృష్టిలో ఈ రంగమంతటిలో మనం నేర్చుకోవలసిన ముఖ్యమైన పాఠం ఇదే. వైద్యుడి పనిని ఒక పట్టికలో, రోగికి జరిగిన మేలూ కీడూ మరో పట్టికలో రాసుకుంటే రెండూ అబద్ధం చెబుతాయి. అందుకే మీ డేటా షీటులో ప్రతి రాత్రికీ ఒకే వరుసలో ఇవన్నీ ఉండాలి: ఆ రాత్రి డ్యూటీ డాక్టరు చేతిలో ఎంతమంది రోగులున్నారు, కొత్త అడ్మిషన్లు ఎన్ని వచ్చాయి, ఆ డాక్టరు అప్పటికే ఎన్ని గంటలుగా పనిలో ఉన్నారు, అప్పగింత ఎన్ని నిమిషాలు జరిగింది, ఆ తర్వాత రోగులకు ఏమైంది. మన దేశంలో రెసిడెంట్ల డ్యూటీ మామూలుగా రోజుకు 12 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని కేంద్ర రెసిడెన్సీ పథకం 1992లోనే చెప్పింది. 2024లో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం వారానికి 74 గంటలు మించవద్దని, వారానికో సెలవు ఇవ్వాలని సిఫారసు చేసింది. ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరమే మన పరిస్థితిని చెబుతుంది. మీ లెక్కల్లో నిజమైన గంటలు నమోదైతే, అవి మీ థీసిస్ అవసరానికి మించి ఉపయోగపడతాయి.

ఫలితాన్ని ఎలా కొలవాలన్నది అన్నిటికంటే కష్టమైన భాగం. ఐ-పాస్ అధ్యయనంలో శిక్షణ పొందిన నర్సులు రికార్డులన్నీ వెతికారు, వారు పట్టుకున్న సంఘటన ఏ కాలానికి చెందినదో తెలియని వైద్యులు దాన్ని వర్గీకరించారు. అంతటి సిబ్బంది మీకు ఉండరు. "మొత్తం పొరపాట్లు" అని పెట్టుకుంటే మునిగిపోతారు. ఒకే ఒక్క సన్నని సూచిక పట్టుకోండి. మీ ప్రయోగశాలలో క్రిటికల్ వాల్యూ రిజిస్టర్ ఉంటుంది. పొటాషియం, సోడియం, చక్కెర, హిమోగ్లోబిన్ ప్రమాదకరమైన స్థాయిలో వచ్చినప్పుడు ఎప్పుడు, ఎవరికి ఫోన్ చేశారో అందులో రాస్తారు. రాత్రి ఎనిమిది నుంచి ఉదయం ఎనిమిది లోపు వచ్చిన అలాంటి ప్రతి ఫలితానికీ, అది తయారైన సమయానికీ దాని మీద మొదటి చికిత్స జరిగిన సమయానికీ మధ్య ఎన్ని నిమిషాలు గడిచాయో కేస్ షీటులోనూ మందుల చార్టులోనూ చూసి రాసుకోండి. పైసా ఖర్చు లేదు. ఒక్కరే చేయగలరు. ఆ నిమిషాలు తగ్గితే రోగికి మేలు జరిగిందని ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. రెండో సూచికగా, రాత్రి డ్యూటీ డాక్టరు "ఈ రోగి సంగతి నాకు చెప్పలేదు" అనుకున్న సందర్భాలను ఉదయం ఒక చిన్న కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టమనండి.

ఫలితాన్నే ఎందుకు పట్టుకోమంటున్నానంటే, ఫారం ఎంతమంది నింపారన్న లెక్కతో సంతృప్తి పడిపోవడం చాలా తేలిక. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో ప్రసవాల భద్రత కోసం చెక్‌లిస్టును, దానితోపాటు నెలల తరబడి శిక్షకుల సాయాన్ని ఇచ్చి చూసిన బెటర్‌బర్త్ అధ్యయనం 2017లో వెలువడింది. రెండు నెలల నాటికి, చేయవలసిన ముఖ్యమైన పనుల్లో 72.8 శాతం జరిగాయి, పోలిక కోసం తీసుకున్న కేంద్రాల్లో 41.7 శాతమే జరిగాయి. అంత తేడా వచ్చినా తల్లీబిడ్డల మరణాలు, తల్లులకు కలిగిన తీవ్రమైన ఇబ్బందులు కలిపి చూస్తే 15.1 శాతం, 15.3 శాతంగా దాదాపు సమానంగానే ఉండిపోయాయి. ఆ పరిశోధకులు ఫలితాన్ని కొలవకపోయి ఉంటే అది ఘనవిజయమని లోకం నమ్మేది. దాన్ని దాచకుండా ప్రకటించినందుకు వారంటే నాకు ఎంతో గౌరవం. మీ ఫలితం కూడా అలా వచ్చిందనుకోండి, భయపడకండి. మారలేదన్నదీ ఫలితమే.

కాలం విషయంలో ఒక జాగ్రత్త. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో మన వార్డులు డెంగీ జ్వరాలతో నిండిపోయి, నడవాల్లో కూడా మంచాలు వేస్తాం. కొత్త పద్ధతికి "ముందు" దశను ఆ నెలల్లో, "తర్వాత" దశను జనవరిలో పెట్టుకుంటే, మీరేమీ చేయకపోయినా అంతా మెరుగుపడినట్లు కనిపిస్తుంది. వీలైతే ఒక వార్డులో మొదలుపెట్టి, మరో వార్డును అదే నెలల్లో పోలికగా ఉంచండి. కుదరకపోతే వారం వారం అంకెలను గ్రాఫు మీద పెట్టుకుంటూ కనీసం ఆరు నెలలు నడపండి. అంతేగాని, మొదటి సగటూ చివరి సగటూ మాత్రమే చూపించే థీసిస్‌ను నేను పరీక్షకురాలిగా ఒప్పుకోను.

మరో జాగ్రత్త కాగితాల గురించి. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో, బాల్టిమోర్‌లోని రెండు ఆసుపత్రుల్లో ఇంటర్న్‌ల వెంట తిరిగి గడియారం పెట్టి చూస్తే, వారి సమయంలో 12 శాతం మాత్రమే రోగి దగ్గర గడిచింది, 40 శాతం కంప్యూటర్ ముందు గడిచింది. మన దగ్గర కంప్యూటర్ స్థానంలో ఇన్సూరెన్స్ కాగితాలు, ఆరోగ్యశ్రీ అప్రూవల్స్, డిశ్చార్జ్ సమ్మరీలు ఉన్నాయి. మీ పద్ధతి వల్ల డ్యూటీ డాక్టరుకు ఇంకో ఫారం తోడైతే అది నెలలోపే చచ్చిపోతుంది. కొత్త కాగితం పెట్టాలంటే పాతది ఒకటి తీసేయండి. చాలా ఆసుపత్రుల్లో అక్రెడిటేషన్ (నాణ్యతా గుర్తింపు) కోసం పెట్టిన హ్యాండోవర్ పుస్తకం ఇప్పటికే ఉంటుంది, అందులో "స్టేబుల్, సేమ్ ట్రీట్‌మెంట్" అని నింపుతూ ఉంటారు. ఆ పుస్తకం గడులనే మార్చమని అడగండి.

డిశ్చార్జ్ కూడా అప్పగింతే. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇంటికి పంపేసిన 2,644 మంది రోగుల్లో 41 శాతం మందికి పరీక్ష ఫలితాలు డిశ్చార్జ్ తర్వాత వచ్చాయి. మనకూ కల్చర్ రిపోర్టు మూడో రోజున వస్తుంది, రోగి అప్పటికే ఊరికి వెళ్ళిపోయి ఉంటాడు, కేస్ షీటులో ఉన్న ఫోన్ నంబరు చేర్పించడానికి తోడు వచ్చిన పక్కింటివాళ్ళది అయి ఉంటుంది. మంచి అంశమే. కానీ రోగులను ఇళ్ళ దాకా వెంటాడవలసి వస్తుంది కనుక మీ గడువులో అది తేలదు.

ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరిగా ముందే తీసుకోండి, క్వాలిటీ పని కదా అక్కరలేదని ఎవరైనా అంటే వినకండి. డ్యూటీ డాక్టర్ల పేర్లు ఎక్కడా రాయవద్దు, సంకేత సంఖ్యలు చాలు. ఏ రాత్రి ఎవరి వల్ల ఆలస్యమైందన్న వివరం యాజమాన్యానికి గానీ విభాగాధిపతికి గానీ చేరదని ప్రోటోకాల్‌లోనే రాసి, అందరికీ ముందే చదివి వినిపించండి. ఒక్కరికి మెమో వచ్చిందంటే మర్నాటి నుంచి అన్ని సమయాలూ చక్కగా, అందంగా, అబద్ధంగా నమోదవుతాయి.

ప్రోటోకాల్ రాయడానికి కూర్చునే ముందు ఒక పని చేయండి. వచ్చే వారం రోజులు, రాత్రి ఎనిమిదికి నర్సింగ్ స్టేషన్ దగ్గర నిలబడి, ఎవరినీ కదిలించకుండా అప్పగింత వినండి. ఎన్ని నిమిషాలు పట్టింది, మధ్యలో ఎన్నిసార్లు ఫోన్ మోగింది, ఎంతమంది రోగుల గురించి "ఇలా జరిగితే ఇలా చేయి" అన్న మాట వినిపించింది, విన్నవారు ఒక్కసారైనా తిరిగి చెప్పారా అన్న నాలుగు మాత్రం రాసుకోండి. ఆ వారం అంకెలతో ప్రోటోకాల్ ముసాయిదా ఇక్కడే పెట్టండి. ఫలిత సూచికల భాగాన్నీ శాంపుల్ పరిమాణాన్నీ నేను చదివి, ఎక్కడ దిద్దాలో చెబుతాను.